మఖ పుబ్బల వరుపు యంత్రానికి ఎవరు చెప్పాలి?

కృత్రిమ మేధ బోర్డు గేమ్ తయారు చేయగలదా అని ఇప్పుడు అందరూ కొత్తగా అడుగుతున్నారు గానీ, ఆ ప్రశ్నకు 2007లోనే జవాబు దొరికింది. చేయగలదు. కామెరాన్ బ్రౌన్ అనే పరిశోధకుడు ఆస్ట్రేలియాలో పీహెచ్‌డీ చేస్తూ రాసిన లూడి అనే ప్రోగ్రామ్ ఆ ఏడాది యవలత్ అనే ఆటను పుట్టించింది. పేరు కూడా మనిషి పెట్టింది కాదు. తర్వాత ఒక స్పానిష్ సంస్థ దాన్ని అచ్చేసి అమ్మింది, జనం కొనుక్కుని ఆడారు.

కడప బండ మీద సుద్దముక్కతో గీసుకుని ఇప్పుడే ఆడి చూడొచ్చు. ముగ్గు వేయడం వచ్చినవాళ్ళకు పటం రెండు నిమిషాల పని: మధ్యలో 9 చుక్కలు, అటూ ఇటూ సందు చుక్కలతో 5 వచ్చేదాకా. మొత్తం 61 చుక్కలు. ఇద్దరు ఆటగాళ్ళు, ఒకరికి చింతగింజలు, ఇంకొకరికి గులకరాళ్ళు. వంతుకొక కాయ ఏదో ఒక ఖాళీ చుక్క మీద పెట్టాలి. వరసగా నాలుగు పేరిస్తే గెలుపు. నాలుగు కాకుండా మూడు పేరిస్తే ఓటమి. మొదట ఆడినవాడికి మొగ్గు ఉంటుంది కాబట్టి, రెండోవాడు కావాలంటే ఆ మొదటి కాయను తనదిగా తీసుకోవచ్చు. అంతే ఆట.

రెండు వాక్యాల్లో ఇమిడే ఈ నియమంలో పట్టు ఎక్కడుందో చూడండి. రెండు కాయలు, ఒక ఖాళీ, మళ్ళీ ఒక కాయ: ఇలా పెట్టారంటే మధ్య ఖాళీలో తర్వాతి కాయ పడగానే నాలుగు అయిపోతుంది. ఎదుటివాడు ఆ ఖాళీలో అడ్డం పెట్టక తప్పదు. ఆ అడ్డం కాయ వల్ల వాడికే వరసగా మూడు పడేలా ముందే పన్నాగం పన్ని ఉంటే, అడ్డం పెట్టినా ఓడతాడు, పెట్టకున్నా ఓడతాడు. ఓడించే నియమమే ఇక్కడ ఆయుధం. మనిషి కట్టినా గర్వపడదగ్గ ఆట ఇది.

అయితే లూడి దాన్ని ఎలా పట్టుకుందన్నది అంతకన్నా ముఖ్యం. ఉన్న ఆటల నియమాలను ముక్కలు చేసి, ఒక ఆట ముక్కను ఇంకో ఆటకు అంటుగట్టి, వచ్చిన ప్రతి కొత్త ఆటనూ తనలో తానే ఆడి చూసింది. అలా 1,389 ఆటలు పుట్టాయి, వాటిలో నిలబడదగ్గవిగా తేలినవి 19. వందకు ఒకటిన్నర కూడా లేదు. మిగతావన్నీ పారబోసింది. దేన్ని పారబోయాలో ఎలా తెలిసింది? ఆట ఎంత సేపు సాగుతోంది, ఎన్నిసార్లు డ్రా అవుతోంది, వెనకబడినవాడు తేరుకునే అవకాశం ఉందా, చివరిదాకా ఎవరు గెలుస్తారో తెలియని ఉత్కంఠ ఉందా, ఇలాంటి 57 కొలతలు పెట్టుకుంది. ఆ కొలతలు రాసింది బ్రౌన్. ఏ కొలతకు ఎంత బరువివ్వాలన్నది మనుషులు ఆడి చెప్పిన ఇష్టాయిష్టాలతో పోల్చి సరిచేసిందీ ఆయనే.

నా వాదన అక్కడ మొదలవుతుంది. ఆటలను పుట్టించడం ఒక పని, ఏది మంచి ఆట అని తేల్చే కొలబద్ద రాయడం ఇంకో పని. మొదటిది యంత్రం మనకన్నా వేగంగా చేస్తుంది, చేయనిద్దాం. ఆట కట్టినవాడు అని పిలవాల్సింది రెండో పని చేసినవాడిని. రాయలసీమ బండల మీద, అరుగుల మీద ఆడిన ఆటలను ఈ కొలబద్దల కింద పెట్టి చూస్తే ఈ తేడా కళ్ళకు కడుతుంది.

పులిజూదంతో మొదలుపెడదాం. నెత్తిన ఒక కొన, అక్కడి నుంచి కిందికి దిగే గీతలు, వాటిని కోసే అడ్డగీతలు, మొత్తం 23 కూడళ్ళు. 3 పులులు, 15 మేకలు. మేకలను ఒక్కొక్కటిగా దింపాలి, అన్నీ దిగేదాకా ఏ మేకనూ కదపకూడదు. పులి పక్క మేక మీదుగా దూకి అవతలి ఖాళీలో వాలితే ఆ మేక చచ్చినట్టు. మూడు పులులూ కదలకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఒక్క మేకా చావకుండా పదిహేనూ దిగాయంటే పటం మీద మిగిలే ఖాళీలు 5 మాత్రమే. చచ్చిన ప్రతి మేకా పులులకు ఇంకో కూడలి తెరుస్తుంది. మొదటి రెండు మూడు మేకలు పోవడం అంత ప్రమాదం కావడానికి కారణం అదే.

యంత్రానికి ఇది చిన్న ఆట. పదిహేను మేకలూ, మూడు పులులూ పటం మీద ఉండగల అమరికలు 2,74,57,584. ఎవరి వంతు అన్నది కలిపితే దానికి రెట్టింపు. అమరికకు ఒక బైటు చొప్పున రాసుకున్నా 55 ఎంబీ, ఫోనులో ఒక చిన్న వీడియో పట్టేంత చోటు. మేకలు తగ్గిన అమరికలన్నీ కలిపినా 185 కోట్ల లోపే, వంతు కలిపితే దానికీ రెట్టింపు. ఆఫ్రికాలో వామనగుంటల లాంటి ఆట ఒకటుంది, అవారి అంటారు. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇద్దరు పరిశోధకులు 88,900 కోట్లకు పైగా స్థితులను లెక్కగట్టి, ఇద్దరూ తప్పు చేయకపోతే ఆ ఆట డ్రా అని తేల్చారు. దాని పక్కన పులిజూదం ఎంత?

ఆడించి చూడాలంటే ముందు నియమాలు యంత్రానికి అర్థమయ్యేలా రాయాలి. ఇక్కడే మొదటి దెబ్బ తగులుతుంది. మేకలు దిగుతుండగానే పులి దూకొచ్చా? ఒకే వంతులో రెండు మేకల మీదుగా దూకొచ్చా? దూకే అవకాశముంటే దూకి తీరాలా, వదిలేయొచ్చా? ఎన్ని మేకలు చస్తే పులులు గెలిచినట్టు? ఊరిని బట్టి, ఒక్కోసారి వీధిని బట్టి జవాబు మారుతుంది. ఒక్కో జవాబు మార్చితే ఒక్కో ఆట అవుతుంది. నాలుగు ప్రశ్నలకు రెండేసి జవాబులనుకున్నా 16 ఆటలు. వీటన్నిటినీ వరసపెట్టి ఆడించడం యంత్రం గొప్పగా చేసే పని, నాకు అందులో ఏ సందేహమూ లేదు.

ఇక లెక్కలు చదవడం. 100 ఆటలు ఆడించి పులులు 56 గెలిచాయంటే అది దేనికీ రుజువు కాదు, వంద ఆటల్లో అటూ ఇటూ 10 శాతం తేడా ఊరకే వస్తుంది. 1,000 ఆటలకు ఆ తేడా 3 శాతానికి, 10,000 ఆటలకు 1 శాతానికి తగ్గుతుంది. మేకల సంఖ్య 15 ఉండాలా 14 ఉండాలా లాంటి చిన్న మార్పును తూచాలంటే పదివేల కంటే తక్కువ ఆడించి లాభం లేదు.

దీనికన్నా పెద్ద తప్పు ఆడేవాడి తెలివిలో ఉంటుంది. గుడ్డిగా ఏదో ఒక ఎత్తు వేసే ప్రోగ్రాముతో ఆడిస్తే పులులు చెలరేగిపోతాయి. గుడ్డిగా దింపిన మేక వెనక ఖాళీ ఉన్న కూడలిలో, పులి పక్కనే వాలుతుంది మరి. ఆ లెక్క చూసి మేకలకు బలం తక్కువైందని ఇంకో రెండు మేకలు కలిపితే, నేర్చినవాళ్ళు ఆడేటప్పుడు పులులు ఊపిరాడక చస్తాయి. మేకలది ఓర్పు ఆట, అంచుల నుంచి వెనక అండతో కట్టుకుంటూ రావాలి. ఆ ఓర్పు నాలుగైదు ఎత్తులు ముందు చూడగలిగిన ప్రోగ్రాముకే వస్తుంది. అందుకని ఒకే నియమాన్ని కనీసం మూడు స్థాయిల ఆటగాళ్ళతో ఆడించాలి. స్థాయి పెరిగేకొద్దీ గెలుపు శాతం ఇంకా జరుగుతూనే ఉందంటే, నియమం మీద తీర్పు చెప్పే సమయం ఇంకా రాలేదు.

ఇంకొకటి, ముగింపు లేని ఆట. పులి అటూ ఇటూ, మేక అటూ ఇటూ, ఎవరూ తగ్గరు. మనుషులైతే పక్కన కూర్చున్న పెద్దాయన కసురుకుని ఆపుతాడు. ప్రోగ్రాములో 500 ఎత్తులకు ఆపమని హద్దు పెడతారు. అలా ఆగిన ఆటలను డ్రా కింద రాస్తే ఆట చప్పగా కనిపిస్తుంది, లెక్కలోంచి తీసేస్తే తొందరగా ముగిసిన ఆటల వైపు మొగ్గు వస్తుంది. రెండూ తప్పే. ఒకే అమరిక మూడోసారి వస్తే మేకలవాడే ఎత్తు మార్చాలి అని నియమంలోనే రాయాలి. మేకలవాడే ఎందుకంటే, ఆటను ముగింపుకు తీసుకెళ్ళాల్సిన బాధ్యత కట్టేసేవాడిది.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నా కొలబద్దలో 'ఇరువైపులా సగం సగం గెలుపు మంచిది' అని రాసి ఉంటే, యంత్రం పులిజూదాన్ని సరిచేయడానికి దిగుతుంది. మేకలు కుదిస్తుంది, గీతలు మారుస్తుంది. అరుగు మీద ఆడేవాళ్ళకు ఆ అవసరమే లేదు. ఒకసారి నువ్వు పులి, ఇంకోసారి నేను పులి, ఎవరు ఎక్కువ మేకలు తింటే వాళ్ళు గెలిచినట్టు. ఆటలోని అసమానతను ముట్టుకోకుండా వంతు మార్చి సర్దేశారు. ముగ్గురిని పదిహేను మంది చుట్టుముట్టడంలోని బిగువు ఆ అసమానతలోనే ఉంది కాబట్టి, సగం సగం చేసే పేరుతో దాన్ని పోగొట్టకూడదు.

యంత్రాన్ని పరీక్షకుడిగా పెట్టుకోవడానికి మంచి ఉదాహరణ చదరంగంలో ఉంది. 2020లో గూగుల్‌కు చెందిన కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ పరిశోధకులు, మాజీ ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ కలిసి చదరంగానికి 9 మార్పులు ప్రతిపాదించి, తనతో తానే ఆడుకుంటూ ఆట నేర్చుకునే ఆల్ఫాజీరో అనే ప్రోగ్రాముతో ఆడించారు. కోట కట్టడం లేకపోతే ఎలా ఉంటుంది, సొంత పావును తానే చంపుకోవచ్చంటే ఎలా ఉంటుంది అని. మార్పులు మనుషులు చెప్పారు, వేల ఆటలు యంత్రం ఆడింది, ఆ ఆటల్లో అందం ఉందా లేదా అన్నది మళ్ళీ మనిషి చూసి రాశాడు. పని ఇలా పంచుకోవడం నాకు నచ్చుతుంది.

అష్టాచెమ్మా దగ్గరికి వస్తే కొలబద్ద ఇంకా ఘోరంగా తప్పుతుంది. 5 గళ్ళకు 5 గళ్ళు, మనిషికి 4 కాయలు, 4 గవ్వలు. గవ్వలు ఎన్ని తెరుచుకుంటే అన్ని గళ్ళు, నాలుగూ తెరుచుకుంటే చెమ్మా అంటే 4, అన్నీ బోర్లా పడితే అష్టా అంటే 8. ఈ రెండు పడితే ఇంకో పందెం. గవ్వ తెరుచుకోవడం, బోర్లా పడడం సమానమనుకుంటే 16 పందేల్లో 1 నాలుగుసార్లు, 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 4 ఒకసారి, 8 ఒకసారి పడాలి. సగటు పందెం 2.5. కాయ పండాలంటే సొంత ఇంటి నుంచి 24 గళ్ళు నడవాలి, నాలుగు కాయలకు 96. అదనపు పందేలు కలుపుకుంటే వంతుకు దాదాపు 2.86 గళ్ళు, అంటే ఒకరికి 34 వంతులు. నలుగురు ఆడుతూ వంతుకు 20 సెకన్లు తీసుకుంటే, ఒక్క కాయా చావకపోయినా ముప్పావుగంట. చంపుకోవడాలు, ఒకరినైనా చంపితే గానీ లోపలి గళ్ళలోకి పోకూడదనే నియమం కలిస్తే గంటన్నర.

అంతసేపు, అంత అదృష్టం మీద నడిచే ఆటకు లూడి తరహా కొలతలు తక్కువ మార్కులే వేస్తాయి. నేర్పరికీ కొత్తవాడికీ గెలుపులో తేడా తక్కువ, చాలా వంతుల్లో ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. అవ్వ, ఏడేళ్ళ మనవరాలు, అన్నం తిని నడుం వాల్చబోయిన మామ, ముగ్గురూ ఒకే పటం చుట్టూ కూర్చోవాలంటే సరిగ్గా అలాంటి ఆటే కావాలి. మనవరాలు గెలవగలగాలి, అవ్వ మాట్లాడుతూ ఆడగలగాలి, మామ లేచి వెళ్ళొచ్చినా ఆట ఆగకూడదు. 'మాట్లాడుకుంటూ ఆడొచ్చా' అనేది ఒక కొలతగా రాయాలని ఆ ఇంట్లో పెరిగినవాళ్ళకు తోచాలి. రాస్తే యంత్రం దాన్నీ లెక్కపెడుతుంది: వంతుకు ఆలోచించాల్సిన ఎత్తులు ఎన్ని, మూడు వంతులు చూడకపోయినా తిరిగి ఆటలో కలవొచ్చా అని.

గవ్వల గురించి ఒక మాట. అన్ని గవ్వలూ సమంగా పడవు. వీపు ఉబ్బెత్తుగా ఉన్నదీ, వీపు అరగదీసినదీ ఒకేలా దొర్లవు. ఒక గవ్వ పదింట ఆరుసార్లు తెరుచుకుంటుందనుకోండి, నాలుగు గవ్వలతో చెమ్మా 16లో ఒకటి కాస్తా దాదాపు 8లో ఒకటి అవుతుంది, అష్టా 39లో ఒకటికి పడిపోతుంది. కంప్యూటరులో సమానమైన గవ్వలతో ఆడించి తూచిన ఆట, ఇంట్లోని గవ్వలతో వేరే ఆట అవుతుంది. నియమాలు తేల్చేముందు వాడబోయే గవ్వలను 200 సార్లు వేసి ఎన్నిసార్లు ఏది పడిందో గీతలు గీసుకోండి. అరగంట పని. చింతగింజలను బండకు రుద్ది చెక్కలు చేసి వాడినా అంతే.

చాట్‌జీపీటీ లాంటి ఇప్పటి మాటల యంత్రాల సంగతి చూద్దాం, జనం అడిగేది ఎక్కువగా వాటి గురించే. బోర్డు గేమ్ ఒకటి చెప్పు అంటే అర నిమిషంలో పేరు, కథ, కార్డులు, పాయింట్లు, ముగింపు అన్నీ చెప్తాయి. చదవడానికి నిండుగా ఉంటుంది, ప్రమాదం కూడా అందులోనే ఉంది. లెక్క వేసి చూడండి. 36 కార్డులు, నలుగురికీ అయిదేసి పంచితే మిగిలేవి 16. వంతుకు రెండు తీసుకోవాలంటే 8 వంతులకు, అంటే రెండు చుట్లకే కట్ట ఖాళీ. నియమాల్లో మాత్రం ఆట పది చుట్లు అని ఉంటుంది. ఇద్దరికి సమానంగా పాయింట్లు వస్తే ఏమిటో ఉండదు. ఒక పేరాలో అప్పు తీసుకోవచ్చు అని, ఇంకో పేరాలో డబ్బు సున్నాకు పోతే ఆట నుంచి తప్పుకోవాలి అని ఉంటుంది. ఎవరూ ఎప్పటికీ ఎంచుకోని ఎత్తు ఒకటి, ఎంచుకోకుండా ఉండలేని ఎత్తు ఒకటి ఉంటాయి.

ఈ తప్పులు పట్టే దారి ఒకటే: మాటల్లో వదిలేయకుండా కోడుగా రాయించాలి. కోడులో చెప్పనిది జరగదు. కట్ట ఖాళీ అయితే ఏమిటో రాయకపోతే ప్రోగ్రాము అక్కడే ఆగి అరుస్తుంది. ఆ తర్వాతి కాలంలో బ్రౌన్ నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో 2018 నుంచి నడిపిన ప్రాజెక్టులో లూడీ అనే వ్యవస్థను కట్టారు (పాత లూడి వేరు, ఇది వేరు). ఆటను చిన్న చిన్న నియమాల ముక్కలుగా రాసే భాష అందులో ఉంది, వెయ్యికి పైగా ఆటలు దాంట్లోకి ఎక్కాయి. 2024లో గావెల్ అనే పరిశోధనలో ఒక భాషా నమూనాకు (మాటల యంత్రాల లోపల ఉండేది ఇలాంటిదే) ఈ రాతనే నేర్పి, ఉన్న ఆటల్లో ముక్కలు మార్పించి, వచ్చినవాటిని ఆడించి వడగట్టారు. మాటల యంత్రాన్ని ఆడి చూసే యంత్రంతో జతకట్టడం సరైన దారి. వడగట్టే జల్లెడ మాత్రం మళ్ళీ మనిషి అల్లిందే.

ఇక ఈ గడ్డ మీది ఆట ఒకటి అనుకుందాం. అనంతపురం శెనక్కాయ సేద్యం. యంత్రాన్ని అడిగితే సాధారణంగా నెలలు, నాణేలు, మార్కెట్టు, వాన కార్డులు వస్తాయి. ఎంత వాన పడితే అంత పంట. ఏడాది వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే ఆ నేల మీద సేద్యం చేసినవాళ్ళకు ఆ నియమం తప్పని చదవగానే తెలుస్తుంది. మొత్తం ఎంత పడిందనే దానికంటే ఎప్పుడు పడిందన్నది పంటను నిలబెడుతుంది, పడగొడుతుంది. విత్తడానికి పదును, అంటే నేలలో తగినంత తడి, కావాలి. విత్తిన నలభై రోజుల నుంచి రెండు నెలల లోపల ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ ఊరే కాడలు) దిగుతాయి, అప్పుడు నేల గట్టిపడితే ఊడ లోపలికి దిగదు, దిగినా కాయ ఊరదు. అదే వాన చెట్టు పీకే వేళ పడితే కాయ మొలకెత్తుతుంది, పశువుల మేతకు దాచే కట్టె నల్లబడుతుంది.

దీనికి కాలాన్ని నెలలుగా కొయ్యడం పనికిరాదు. మనవాళ్ళు కోసి పెట్టిన కొలత ఉండనే ఉంది: కార్తెలు. ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ, పుబ్బ, ఉత్తర, హస్త, చిత్త. పది కార్తెలు, పది చుట్లు. విత్తిన కార్తెకు మూడోదీ, నాలుగోదీ ఊడల కార్తెలు. ఆరుద్రలో విత్తితే ఆశ్లేష, మఖ. పునర్వసులో విత్తితే సరిగ్గా మఖ, పుబ్బ. 'మఖా పుబ్బలు వరుపయితే మీ అన్న సేద్యం, నా సేద్యం మన్నే' అన్న సామెత ఊరికే పుట్టలేదు. అది యథాతథంగా ఆట నియమం. ఊడల కార్తెలు రెండూ తడిస్తే ఎకరాకు 8 మూటలు, ఒకటే తడిస్తే 4, రెండూ వరుపైతే సున్నా. విత్తనం ఖర్చు ఎకరాకు 3 మూటలు. మనిషికి 5 ఎకరాలు. వాన పడిన కార్తెలోనే విత్తగలరు.

వాన ఎలా పడాలి? 16 కార్డుల కట్ట, 7 వాన, 9 వరుపు, కార్తెకొకటి తిప్పాలి. ఏ యంత్రమైనా ఇదే చెప్తుంది, చాలామంది మనుషులూ ఇదే చెప్తారు. ఇక్కడ ఆగి లెక్క వేయాలి. మృగశిర, ఆరుద్ర, పునర్వసు మూడూ కురిశాయనుకోండి. కట్టలో మిగిలిన 13 కార్డుల్లో వానలు 4 మాత్రమే. ఇప్పుడు విత్తితే ఎకరాకు సగటున రెండున్నర మూటలు కూడా రావు, విత్తనం ఖర్చే తిరిగిరాదు. అదే మొదటి రెండు కార్తెలూ ఎండి పునర్వసు ఒక్కటే కురిస్తే, 13లో 6 వానలు మిగిలాయి, సగటు 3.7 మూటలు, లాభం. కార్డులు లెక్కపెట్టేవాడు మంచి వానలు చూసి విత్తడం మానేస్తాడు, వరుపు చూసి సంతోషంగా విత్తుతాడు. ఏ రైతూ చేయని పని ఈ ఆట నేర్పుతుంది. కట్టకు జ్ఞాపకం ఉంటుంది, ఆకాశం అలా బాకీ తీర్చదు.

కొలబద్ద దీన్ని తప్పుగా చూడకపోగా మెచ్చుకుంటుంది. లెక్కపెట్టే ఆటగాడు గుడ్డి ఆటగాడిని ఓడిస్తున్నాడు, అంటే ఆటలో నేర్పుకు చోటుంది, మార్కులు పెంచు అంటుంది. పదివేల ఆటలు ఆడించినా, లక్ష ఆడించినా ఆ తీర్పు మారదు, ఎందుకంటే ఆ కొలతలో సేద్యం లేదు. ఇది తప్పు అని చెప్పాల్సింది ఆట కట్టేవాడు. నిజమే, ఈ సంగతి మనం ఎత్తిచూపితే మాటల యంత్రం వెంటనే ఒప్పుకుని దిద్దుతుంది, సామెత చెప్తే నియమం కూడా చక్కగా రాస్తుంది. ఎత్తిచూపడమే ఇక్కడ పని. మనుషుల మార్కుల నుంచి ఈ కొలతను కూడా అది నేర్చుకోదా అంటే, నేర్చుకుంటుంది. ఎవరి మార్కులన్నది చూడాలి. అరుగు మీద అష్టాచెమ్మా ఆడే అవ్వ ఏ ఆటకూ ఎక్కడా మార్కులు వేయలేదు.

దిద్దుబాటుకు తిప్పిన కార్డును ప్రతిసారీ కట్టలో కలిపి పిసకొచ్చు, కానీ పదిసార్లు పిసకడం విసుగు. గవ్వలు ఉన్నాయి కదా. నాలుగు గవ్వలు వేసి రెండు గానీ నాలుగు గానీ తెరుచుకుంటే వాన, లేకపోతే వరుపు. 16లో 6, ఇంకొకటి, మొత్తం 7. కార్డుల్లో అనుకున్న పాళ్ళే, జ్ఞాపకం లేకుండా. గవ్వ పదింట ఆరుసార్లు తెరుచుకునే రకమైనా వాన పాలు 44 నుంచి 48 శాతం దగ్గరికి జరుగుతుంది, అంతే. నాలుగుసార్లే తెరుచుకునే రకమైతే 37కు పడుతుంది, అది కరువు ఎక్కువైన ఆట, అలాంటి గవ్వలు మార్చుకోండి.

ఆడించి చూడడం కాగితం ముక్కలతోనే మొదలవ్వాలి. అచ్చు, రంగులు, డబ్బా నెలల తర్వాతి మాట. పటం బండ మీద సుద్దతో, ఎకరాలకు అయిదేసి గులకరాళ్ళు, మూటలకు చింతగింజలు. శెనక్కాయలనే మూటలుగా పెట్టొద్దు, ఉత్తర కార్తె వచ్చేసరికి సగం తినేస్తారు. నియమాలు ఏ-4 కాగితం ఒకవైపుకు మించకూడదు. ఆట ఎన్నడూ చూడని నలుగురికి ఆ కాగితం ఇచ్చి, కట్టినవాళ్ళు నోరు తెరవకుండా పక్కన కూర్చుని, ఏ నిమిషాన ఏ ప్రశ్న అడిగారో రాసుకోవాలి. రెండు వేర్వేరు బృందాలు ఒకే చోట ఆగితే తప్పు కాగితానిది. ఎవరైనా ఫోను తీశారంటే ఆ నిమిషమూ రాసుకోవాలి, ఆ చుట్టులో వాళ్ళకు చేయడానికి పనేమీ లేదన్నమాట. ఈ ఆటలో అది పుష్యమిలో జరిగే ప్రమాదం ఉంది, విత్తడం అయిపోయింది, ఊడలు ఇంకా రాలేదు. కలుపు తీయడం, కూలి ఖర్చు అక్కడ పెట్టాలి. నలుగురు, పది చుట్లు, వంతుకు 20 సెకన్లంటే ఏడాది పద్నాలుగు నిమిషాల లోపు ముగుస్తుంది. మూడేళ్ళు ఆడితే ముప్పావుగంట లోపే, మధ్యలో అప్పులు మోసుకుంటూ.

చివరగా ఆ సున్నా. పునర్వసులో ఎకరాలన్నీ విత్తినవాడికి మఖ, పుబ్బ రెండూ ఎండిపోయే అవకాశం 100కి దాదాపు 32. యంత్రానికి ఈ లెక్క చూపిస్తే ఇంత కఠినంగా ఉండకూడదని, పరిహారం కార్డు ఒకటి పెట్టమని సలహా ఇస్తుంది. నేను పెట్టను. ఆ సున్నా ఉండబట్టే ఆటగాడు ఇంకో దారి వెతుకుతాడు. ఆరుద్రలోనూ పదునైతే కొన్ని ఎకరాలు అప్పుడు విత్తి, మిగతావి పునర్వసు పదునుకు ఆపుకుంటాడు. అప్పుడు మొత్తం పోవాలంటే ఆశ్లేష, మఖ, పుబ్బ మూడూ వరుపు కావాలి. అది 100కి 18 లోపు. కానీ పునర్వసులో వాన పడకపోతే ఆపుకున్న ఎకరాలు బీడే. ఆరుద్రలో గవ్వలు తెరుచుకున్నాక, అయిదు రాళ్ళు చేతిలో పట్టుకుని ఎన్ని దింపాలో తేల్చుకోలేక ఆటగాడు పటం వంక చూస్తూ కూర్చునే ఆ అర నిమిషం కోసం మిగతా నియమాలన్నీ రాసుకోవాలి. నియమాల కాగితంలో అక్కడ ఒక్క వాక్యం చాలు: 'ఆపుకున్న ఎకరాలను తర్వాతి వాన కార్తెలో విత్తవచ్చు, పునర్వసు దాటితే విత్తరాదు.'